రానివాళ్ళ చోటు

1. విభూది బుధవారం మర్నాడు

ఇక్కడ ఎవరూ తేదీలు వాడరు. ఎండలకు ముందు, ఎండలు, ఎండల తరువాత అంటారు. నాకు కాన్వెంటు అలవాటు పోలేదు. చర్చి పండుగల పేర్లతోనే రోజులు గుర్తుపెట్టుకుంటాను.

నా గది ఒకప్పుడు టికెట్ల కౌంటరు. అప్పట్లో జనం సరదాగా గుహ చూడటానికి వచ్చేవారట. రేట్ల బోర్డు ఇంకా గోడ మీద ఉంది. పెద్దలకు ఇంత, పిల్లలకు ఇంత, కెమెరాకు ఇంత. ఇప్పుడు ఆ గుహ పేరు చలువ. కొలిమి నెలల్లో మైదానంలో ఊపిరాడనప్పుడు చందాదారులు కొండెక్కి వచ్చి, వానలు పడేదాకా ఇందులో ఉంటారు. చందా అంటే ఇంటికో సోలార్ రేకు, కొంచెం తిండిగింజలు. ఎండలకు ముందే బండ్ల మీద పంపుతారు. మనుషులు తరువాత నడిచి వస్తారు.

నా పని ఈమెయిల్ ప్రకటనలు రాయడం. టవర్లో మాటలు పట్టవు. తెల్లవారుజామున కాసేపు అక్షరాలు మాత్రం వెళతాయి.

చలువను నడిపే దమయంతి గారు ఉదయం కౌంటరు కిటికీలోంచి తొంగి చూశారు.

"ఫిలోమినా, నిరుటి మెయిల్ చదివావా?"

"చదివానండీ."

"ఎలా ఉంది?"

నెమ్మదిగా చెప్పాను. ఆవిడకు వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నారు.

"రేషను షాపు నోటీసులా ఉందండీ."

"అది నేనే రాశాను" అన్నారు. నవ్వలేదు, కోప్పడలేదు. "రేకులు సగం పనిచెయ్యడం లేదు. ఫ్యాన్లు ఆగితే గుహ కూడా పొయ్యే. కొత్త చందాదారులు కావాలి. నువ్వెలా రాస్తావో రాయి."

చాలామంది మెయిల్ తెరవరు. సబ్జెక్టు లైను మాత్రం అందరి కళ్ళూ ఒకసారి చూసి దాటతాయి. అందుకని ముందు అదే రాయాలి. రెండు రకాలుగా రాసి, చెరి కొంతమందికి పంపి, దేన్ని ఎక్కువమంది తెరిస్తే దాన్ని మిగతా అందరికీ పంపాలి. ఒకటి: ‘ఈ వేసవికి మీ చోటు సిద్ధం.’ రెండోది: ‘పైన చల్లగా ఉంది.’

2. తపస్సు కాలం, రెండో వారం

‘పైన చల్లగా ఉంది’ గెలిచింది.

మా చిరునామాకు జవాబులు వస్తాయని, అవి ఒక పెట్టెలో పడతాయని, ఆ పెట్టె ఎవరూ తెరవరని ఇవాళ తెలిసింది. తెరిచాను. చాలావరకు తిట్లు. ఒకటి మాత్రం ఇది:

‘ఓలమ్మా ఫిలోమినా, నీ ఉత్తరం అందినాది. సల్లగున్నాదని రాసినావు. ఎంత సల్లగ? మా అత్త కీళ్ళనొప్పుల మడిసి. మరీ సల్లగయితే అదో గోల. దుప్పటి మీరిత్తారా, మావే తెచ్చుకోవాల? కింద బటన్ నొక్కమన్నావు. నొక్కినాను. మనిసెవరేనా పలుకుతారేమో అనుకున్నాను. ఎవులూ పలకనేదు. ఇట్లు అసిరమ్మ, తోటవలస.’

నోటితో చెబితే ఫోన్ రాసుకున్న ఉత్తరం. ఆవిడ గొంతు అలాగే దిగింది.

కాన్వెంటులో సిస్టర్ బెనిల్డా వ్యాసరచన చెప్పేవారు. ఒక్క మనిషికి రాయి, ఆ మనిషి ముఖం కనిపించేదాకా కలం ఎత్తకు అనేవారు. నాకు ఇన్నాళ్ళూ ఏ ముఖమూ కనిపించలేదు.

జవాబు రాశాను. ‘దుప్పటి మేమే ఇస్తాం. లోపల ఎప్పుడూ ఒకే చలి. పొద్దున్నే నూతి గట్టు మీద కూర్చున్నంత.’

మర్నాడు వచ్చింది: ‘అదెలాగుంటాదో నాకు తెలీదు. నా పుట్టుకప్పటికే నూతులెండిపోనాయి. అత్తనడిగినాను. అడగ్గానే ఏడ్సినాది. మా ఇద్దరి పేర్లూ రాసుకో. అసిరమ్మ, నీలమ్మ. మా రేకు పాతది, కానీ పనిసేత్తాది.’

నూతి గట్టు వాక్యాన్ని తరువాతి మెయిల్‌లో పెట్టాను. చందాలు పెరిగాయి. దమయంతి గారు అందరి ముందూ దాన్ని చదివి వినిపించమన్నారు. లేచి నిలబడ్డాను. గొంతు రాలేదు. ఆవిడే చదివారు.

3. మ్రానికొమ్మల ఆదివారం

అసిరమ్మ మళ్ళీ రాసింది. ‘రమ్మంతావు గానీ ఎలా రావాలో సెప్పవు. నిరుడు మా ఊరినుంచి ఎల్లినోల్లు తోవలోనే పోనారు. నాను నడుత్తాను. అత్త నడవదు. తోపుడు బండి మీద తోసుకొస్తాను. దాని నోరు కూడా బరువే.’

ఆ ప్రశ్న మంచిదనిపించింది. ముకుందాన్ని అడిగాను. లోపలి హాళ్ళలో వేడి, గాలి చూసే పని ఆయనది. ఎండలప్పుడు గేటు దగ్గర కూడా ఆయనే ఉంటాడు. బతికి వచ్చినవాళ్ళు ఎలా వచ్చారో ఆయనకు తెలుసు.

"ఎలా వొత్తారేటి, కాళ్ళతోటే వొత్తారు" అన్నాడు ముందు. తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. నేను రాసుకుని, చిన్నగా చేసి, ఇలా పంపాను:

‘తెల్లారక ముందే బయలుదేరండి. నీడ కాళ్ళ కిందికి రాకముందే ఆగండి. మెడ వెనక తడిగుడ్డ ఉంచుకోండి. మూడో మలుపు దగ్గర రైలు వంతెన కింద నీడ ఉంది, పగలంతా అక్కడ పడుకోండి. బరువులు వద్దు. ఫోన్లు ఇంట్లోనే వదలండి, వేడికి ఉబ్బి మూటలో నిప్పు పుడుతుంది. మీ చోటు మీ పేరు మీద ఉంది. ఇట్లు ఫిలోమిన, చలువ. ఈ మెయిల్స్ వద్దనుకుంటే కింద నొక్కండి.’

సబ్జెక్టు లైను: ‘కొండ ఎలా ఎక్కాలి.’

అందులో చందా కట్టమని ఎక్కడా అడగలేదు. చందా బటన్ కూడా పెట్టడం మరచిపోయాను. అయినా ఇంత బాగా వెళ్ళిన మెయిల్ ఇంతకుముందు లేదు. జనం ఒకరికొకరు పంపుకున్నారు. మా జాబితాలో లేని ఊళ్ళ నుంచి చందాలు వచ్చాయి.

4. పాస్క పండుగ తరువాతి వారం

రేకుల బండ్లు వస్తూనే ఉన్నాయి. అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. దమయంతి గారు స్వయంగా కాఫీ కలిపి నాకు, ముకుందానికి ఇచ్చారు. ఇక్కడ కాఫీ అంటే చిన్న విషయం కాదు.

"నీ ఉత్తరాలు బానే ఉన్నాయి పిల్లా. మరీ బాగుంటేనే బయం" అన్నాడు ముకుందం.

"ఎందుకు?"

"రానివాళ్ళ చోటు సంగతి ఈ పిల్లకి సెప్పనేదేటమ్మా?"

దమయంతి గారు గ్లాసు కింద పెట్టారు.

"చోట్లకన్నా చందాలు ఎక్కువ తీసుకుంటామమ్మా. ప్రతి ఏడూ అంతే. ముగ్గురిలో ఒకరు రారు."

"ఎందుకు రారు?"

"రారు. వాళ్ళ రేకులతోనే ఫ్యాన్లు తిరుగుతాయి. లేకపోతే వచ్చినవాళ్ళు కూడా మిగలరు."

"అందరూ వస్తే?"

"ఎప్పుడూ రాలేదు."

"వస్తే, కొంచెం సర్దుకుంటే..."

"మనిషి ఒంట్లోంచి వేడి వస్తుంది ఫిలోమినా. ఒక్కొక్కరూ ఒక్కో చిన్న కుంపటి. గుహ మోసే కుంపట్లు ఇన్నే అని ఉంటుంది. మొదటి ఏడు నేను గేటు దగ్గర ఎవర్నీ కాదనలేదు. కింది హాల్లో పడుకున్నవాళ్ళు పొద్దున లేవలేదు. అందులో మా అక్క ఉంది."

ముకుందం గ్లాసులు తీసి పక్కన పెట్టాడు.

"నడక మెయిల్ ఆపమంటారా?" అన్నాను.

"ఆపితే చందాలు ఆగుతాయి." లేచి వెళుతూ తలుపు దగ్గర నిలబడ్డారు. "వాళ్ళు రాకూడదని నేను కోరుకోను. అది మాత్రం అనుకోకు. లెక్కలో ఉంచుకున్నాను, అంతే."

నడక మెయిల్ మర్నాడు మళ్ళీ వెళ్ళింది. నేనే పంపాను. అది చదివితే తోవలో చచ్చిపోరు కదా అనుకున్నాను. అంతవరకే ఆలోచించాను. చోట్ల సంగతి దమయంతి గారిదని ఊరుకున్నాను.

అసిరమ్మ రాసింది: ‘నీ ఉత్తరం సదివించుకుంతన్నాం. ఫోను ఇంట్లో వదిలేత్తే మరి తోవలో ఎలా సదవాల? అందుకే మా ఈదోల్లందరం బట్టీ పట్టేత్తన్నాం. అత్తకి నాకన్నా ముందొచ్చేసినాది. ముసల్దానికి ఏటి మతో!’

5. ఆరోహణ పండుగ

కొలిమి నెల మొదలై వారం దాటింది. మైదానం వైపు చూస్తే తెల్లటి ఆవిరి తప్ప ఏమీ కనిపించదు.

వస్తున్నారు. నిరుడు ఈపాటికి వచ్చినవాళ్ళకు రెట్టింపు వచ్చారని ముకుందం అన్నాడు. మెడ వెనక తడిగుడ్డలతో, చేతులూపుకుంటూ, ఎవరి మొహంలోనూ చావు లేకుండా వచ్చారు. గేటు దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ‘వంతెన కింద నీడ నిజంగానే ఉన్నాదమ్మా’ అంది. ఆ ఉత్తరం నాదని ఆవిడకు తెలియదు. నేను చెప్పలేదు. నాకు మాత్రం ఆ రోజంతా సంతోషంగా ఉంది. ఇది రాయకపోతే తక్కినది రాయడం తప్పవుతుంది.

మొన్న కింది హాల్లో వేడి పెరగడం మొదలైంది. నిన్న చోట్లు నిండిపోయాయి. దమయంతి గారు నా గదికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ఇక్కడ కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఇంకా రావలసినవాళ్ళు చాలామంది. బయలుదేరవద్దని రాయి. అందరూ తెరిచేలా రాయి."

"వాళ్ళు ఏం చెయ్యాలని రాయను?"

ఆవిడ రేట్ల బోర్డు వైపు చూశారు. "అది నాకు తెలిస్తే నేనే రాసేదాన్ని."

‘బయలుదేరకండి’ అని సబ్జెక్టు లైను పెట్టాను. ఒకే రకం. పరీక్షలు పెట్టే వ్యవధి లేదు. ఈ తెల్లవారుజామున పంపాను.

ఎవరూ తెరవలేదు. తక్కువమంది తెరవడం నాకు తెలుసు. ఇది వేరు. ఒక్కరు కూడా తెరవలేదు.

టవరు పోయిందేమోనని ముకుందం దగ్గరికి పరుగెత్తాను. ఆయన గేటు దగ్గర, కొత్తగా వచ్చినవాళ్ళను బయట అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళిస్తున్నాడు.

"టవరు బానే ఉన్నాది" అన్నాడు. "ఈళ్ళ సేతుల్లో ఏటున్నాదో సూడు."

ఏమీ లేదు.

"రావలసినోల్లందరూ ఎప్పుడో బయలెల్లి తోవలో ఉన్నారు. ఒక్కడి దగ్గరా ఫోన్నేదు. నువ్వే కదేటి ఒద్దన్నావు?"

6. దాని తరువాతి రోజు

మూడో మలుపు దగ్గర ఆపాలి. అక్కడ ఆగమని రాసింది నేనే కాబట్టి అక్కడ ఆగుతారు. ఆ వంతెన మీద పాత రైలు పట్టాలు ఉన్నాయి. పట్టాల వెంట పోతే సొరంగం వస్తుంది. చిన్నప్పుడు సిస్టర్లతో అందులోంచి నడిచాను. గోడల మీద నీరు ఊరుతుంది. చలువలా ఉండదు. బయటకన్నా వేడి తక్కువ, అంతే. దమయంతి గారితో ఈ మాట అన్నాను.

"ఎంతమంది మిగులుతారక్కడ?" అన్నారు.

"తెలీదండీ."

"వెళ్ళు. ముకుందాన్ని తీసుకెళ్ళు." తరువాత అన్నారు, "మాట్లాడగలవా?"

సీసాలో నీళ్ళు నింపుకున్నాను.

తెల్లారేసరికి వంతెన కింద ఉన్నాం. జనం కనిపించక ముందే వినిపించారు. ఒక ఆడగొంతు ముందు ఒక ముక్క చెబుతోంది, తక్కినవాళ్ళు అందుకుంటున్నారు. ‘మెడ ఎనక తడిగుడ్డ.’ ‘మెడ ఎనక తడిగుడ్డ.’ ‘మీ సోటు మీ పేరు మీద ఉన్నాది.’ అందరూ కలిసి గట్టిగా అన్నారు. ఆపైన కూడా ఆగలేదు. ‘ఇట్లు ఫిలోమిన, సలువ. ఈ మెయిల్సు ఒద్దనుకుంటే కింద నొక్కండి.’ జపానికి చివర ఆమెన్‌లాగా ఆ మాట అని, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు.

మలుపు తిరిగి వచ్చారు. ముందు ఒక పొడుగాటి ఆడమనిషి తోపుడు బండి తోస్తోంది. బండిలో గొడుగు కింద ముసలావిడ.

నేను రోడ్డు మధ్యలో నిలబడి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. "ఆగండి! ఈ పిల్ల సెప్పేది ఇనండి!" అని ముకుందం అరిచాడు.

"పైన చోటు లేదు" అన్నాను.

"ఏటంతాదిది?"

"సోటు నేదంట."

"ఎవులే నువ్వు?"

"ఫిలోమినని."

కొంతమంది నవ్వారు. వెనకనుంచి ఒకాయన నవ్వుతూనే, "ఫిలోమిన ఇలాగ రాయనేదు. మా పేరు మీద ఉన్నాదని రాసినాది" అన్నాడు.

"రాశాను. అప్పుడు... అందరూ రారని..." అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యాన్ని మనుషుల ముందు పూర్తిచేసే మార్గం నాకు కనిపించలేదు.

బండి తోస్తున్నావిడ దగ్గరకు వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు ఫిలోమినవైతే మా అత్త ఎందుకేడ్సినాదో సెప్పు."

"నూతి గట్టు" అన్నాను. "పొద్దున్నే నూతి గట్టు మీద చలి."

అసిరమ్మ చెయ్యి బండిమీంచి తీసి నా బుగ్గ మీద పెట్టింది. నిప్పులా ఉంది ఆ చెయ్యి. "ఓలమ్మా, ఇంతేనేటి నువ్వు? ఉత్తరంలో పెద్దమడిసిలాగ ఉంతావు."

"క్షమించండి" అన్నాను.

"అదంతా తరవాత. ఏటి సెయ్యాలో సెప్పు."

సొరంగం సంగతి చెప్పాను. చల్లగా ఉండదని కూడా చెప్పాను. నేను చెప్పినదాన్ని ఆవిడ వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది. నవ్విన ఆయన ఒప్పుకోలేదు. తన పేరు మీద చోటుంది, అది ఉత్తరంలో ఉంది, ఎవరో దారిన నిలబడ్డ పిల్ల చెబితే వదలనన్నాడు. సగంమంది ఆయన వెనకే పైకి వెళ్ళారు. రెండు రకాలుగా రాసి ఏది గెలుస్తుందో చూడటం నా పని. ఈసారి రెండూ నావే. ఉత్తరం సగాన్ని గెలిచింది.

తక్కిన సగం పట్టాల వైపు కదిలారు. అప్పుడు బండి అడ్డం వచ్చింది. కంకరరాళ్ళ మీద, చెక్కల మీద చక్రం పోదు.

నా మెడలో పనివాళ్ళ బిళ్ళ ఉంది. అది ఉన్నవాళ్ళకు లోపల ఒక చోటు. తీసి నీలమ్మ మెడలో వేశాను.

"ఇద్దరికి సరిపోతాదా?" అంది నీలమ్మ.

"ఒక్కరికేనండీ."

"అయితే దీనికెయ్యి. నాకెందుకు, నేను సూడాల్సిన నూతులు సూసేసినాను."

"నోర్మూసుకుని కూకో" అంది అసిరమ్మ. "ఇంత దూరం నిన్ను తోసుకొచ్చింది ఎనక్కి తోసుకెల్లడానికా? దుప్పటి ఇత్తారంట. రెండడుగు. ఒకటి నాకు దాసిపెట్టు."

"నువ్వొచ్చేదాకా కప్పుకుంటాను."

"కప్పుకో. మాసిపోతే నువ్వే ఉతకాల."

ముకుందం బండి తోసుకుంటూ పైకి వెళ్ళాడు. నీలమ్మ గొడుగు మలుపు తిరిగేదాకా అసిరమ్మ అటు చూడలేదు. చెంగు తడిపి మెడ వెనక వేసుకుంది.

"ఇంకా ఒత్తారా ఎనక?"

"వస్తారు. రోజూ వస్తారు. ఇక్కడ నిలబడి చెప్పాలి."

"నీ గొంతు దోమ గొంతు. నువ్వు ఆల్లని సొరంగంలోకి తీస్కెల్లి పడుకోబెట్టు. ఇక్కడ నాను సెప్తాను."

నేను సరేనన్నాను.

7. పెంతెకోస్తు

సొరంగంలో రాస్తున్నాను. వెలుగు మూతి దగ్గర మాత్రమే ఉంది.

రెండు గోడల వెంట మనుషులు పడుకుని ఉన్నారు. ఊరే నీటికి గుడ్డలు ఆనించి, తడి అయ్యాక పక్కవాళ్ళకు అందిస్తారు. ఆ వరస నేనే పెట్టాను. ఇక్కడ నన్ను ఎవరూ గట్టిగా మాట్లాడమని అడగరు. అందరూ గుసగుసగానే మాట్లాడతారు.

కొంతమంది చనిపోయారు. పేర్లు తెలిసినంతవరకు వేరే కాగితం మీద రాశాను. పైకి వెళ్ళినవాళ్ళలో కొందరు గేటు అరుగు మీదే పోయారని, కొందరు తిరిగి ఇటు వచ్చారని ముకుందం కబురు తెచ్చాడు. నవ్విన ఆయన తిరిగి వచ్చాడు. ఇప్పుడు నీళ్ళ గుడ్డలు అందించేది ఆయనే. నాతో మాట్లాడడు.

అసిరమ్మ రోజూ వంతెన కింద నిలబడింది. ఆవిడ గొంతు సొరంగం దాకా వినిపించేది. ‘పైకెల్లకండి! ఇటు! ఇటు రండి!’ దగ్గరకు వచ్చినవాళ్ళు నమ్మకపోతే ఉత్తరం మొత్తం అప్పజెప్పి, ‘ఇది రాసిన పిల్లే ఒద్దంతాంది’ అనేదట. చాలామంది ఆవిడ మాట విన్నారు. నా మాటకు సగంమందే ఆగారు.

వంతెన నీడ పగటిపూట పడుకునేవాళ్ళకు సరిపోతుంది. పగలంతా నిలబడి అరిచేవాళ్ళకు సరిపోదు. ఇది నాకు తెలిసి ఉండాలి. నడక మెయిల్‌లో నేనే రాశాను, అక్కడ పడుకోండి అని.

నిన్న మధ్యాహ్నం గొంతు ఆగింది. ఇద్దరు మోసుకొచ్చారు. ఒళ్ళు ఎండిపోయి ఉంది, చెమట లేదు. గోడ పక్కన పడుకోబెట్టి, దొరికిన తడిగుడ్డలన్నీ వేశాను. కళ్ళు తెరిచింది.

"ఎవులు?"

"ఫిలోమిననండీ."

"నువ్వా." పెదాలు కదిలాయి. నవ్వుతోందని తరువాత అర్థమైంది. "ఫిలోమినా, ఇంకీ ఉత్తరాలు ఒద్దనుకుంటే... ఎక్కడ నొక్కాల?"

చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళను ఒకసారి నొక్కింది.

ఇవాళ పొద్దున వంతెన దగ్గర నేను నిలబడ్డాను. మలుపు అవతలినుంచి ఉత్తరం వినిపించింది. అరిచాను. మొదటిసారి వాళ్ళకు వినపడలేదు. మళ్ళీ అరిచాను.

8. ఆత్మల పండుగ

వానలు పడి చాలారోజులైంది. మిగిలినవాళ్ళు ఊళ్ళకు దిగిపోయారు. నీలమ్మ దిగలేదు. దిగడానికి తోసేవాళ్ళు లేరు. కౌంటరు గదిలో నా మంచం పక్కనే ఉంటోంది. రెండు దుప్పట్లున్నాయి ఆవిడ దగ్గర. ఒకటే కప్పుకుంటుంది.

అసిరమ్మ చివరిమాట ఏమిటని ఎన్నోసార్లు అడిగింది. ఒకరోజు చెప్పాను. చాలాసేపు నవ్వింది. "అదలాటిదే. సావుకి కూడా ఎకసెక్కెమే" అంది. తరువాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట తిండి ముట్టలేదు.

ఇవాళ దమయంతి గారు కిటికీ దగ్గరికి వచ్చారు. జుట్టు బాగా నెరిసింది.

"వచ్చే ఏటికి మెయిల్ రాయాలి."

"నేనా?"

"రేకులు కావాలి ఫిలోమినా. సొరంగంలో కూడా ఫ్యాన్లు పెడదాం. అప్పుడు చోట్లు పెరుగుతాయి. అది కూడా రాయి. అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. ఫ్యాన్లు పెడితే సొరంగంలో చాలామంది బతుకుతారు. ఫ్యాన్లకు రేకులు కావాలి. రేకులకు చందాదారులు కావాలి. చోట్లకన్నా చందాలు ఈసారి కూడా ఎక్కువే ఉంటాయా అని అడిగాను.

"ఉంటాయి" అన్నారు. "లేకపోతే నువ్వే వేరే లెక్క చెప్పు."

నాకు వేరే లెక్క తెలియదు.

మెయిల్ రాశాను. ఒక్క మనిషికే రాయాలి కాబట్టి అసిరమ్మకే రాశాను. సొరంగం గురించి, నీరు ఊరే గోడ గురించి, వంతెన నీడ ఎంతవరకు సరిపోతుందో దాని గురించి రాశాను. ఎండలు తగ్గకముందే ఒకరోజు నా ఫోన్‌ను మట్టి ముంతలో పెట్టి, మూత వేసి, ఎండలో ఉంచి చూశాను. ఉబ్బలేదు. అది కూడా రాశాను. చివర రెండు వాక్యాలు: ‘ఫోన్ ముంతలో పెట్టి వెంట తెచ్చుకోండి. చోటుందన్న మాట మేం మార్చుకోవలసి రావచ్చు.’

దమయంతి గారు చదివి, రెండో వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇది తీసెయ్యి. ఇది చూస్తే ఎవరూ బటన్ నొక్కరు."

"నొక్కేవాళ్ళు తెలిసి నొక్కుతారండీ."

"ఎంతమంది?"

"తెలీదు."

"తీసెయ్యి ఫిలోమినా." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "తక్కిన మాటలన్నీ ఉండనీ. ఇదొక్కటీ వద్దు."

మెయిల్‌లోంచి తీసేశాను. ఆవిడ వెళ్ళిపోయారు.

నీలమ్మ మంచం మీంచి చూస్తోంది. "ఏటి తీయించేసింది?"

చదివి వినిపించాను. గట్టిగా చదివాను. ఇప్పుడు చదవగలను.

"మరోపాలి సదువు" అంది. మళ్ళీ చదివాను. మూడోసారికి ఆవిడ నాతో కలిసి అంది.

మెయిల్ చాలామంది తెరవరు. తెరవకపోయినా సబ్జెక్టు లైను అందరి కళ్ళకూ తగులుతుంది. ఆ లైను ఇంకా ఖాళీగా ఉంది. తీసేసిన వాక్యాన్ని అక్కడ పెట్టాను. ఒకే రకం. రెండోది రాయలేదు.

తెల్లవారుజామున టవరు అందుకోగానే పంపాను.